అమెరికాలో ఇంట్లో త్రీడీ ప్రింటర్‌తో తుపాకీ చేసుకోవడం నేరమా?

ఫెడరల్ చట్టం ప్రకారం, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లు సొంతానికి చేసుకుంటే నేరం కాదు. న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు లేకుండా ప్రింట్ చేస్తే నేరమే.

1968 నాటి తుపాకుల చట్టం లైసెన్సు, సీరియల్ నంబరు షరతులను వ్యాపారానికి తయారుచేసేవాళ్లకే పెట్టింది. ఇంట్లో తుపాకీ చేయాలంటే అప్పట్లో లేత్ మిషన్ మీద చేయి తిరిగి ఉండాలి. ప్రింటర్ వచ్చాక ఆ అడ్డు చాలావరకు పోయింది. నంబరు లేని తుపాకీ నేరం జరిగినచోట దొరికితే, అది ఎవరి చేతుల్లోంచి వచ్చిందో కూపీ లాగడం పోలీసులకు చాలా కష్టం. నియంత్రణ కోరేవాళ్ల వాదనలో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది ఇదే.

2013లో తుపాకీ హక్కుల కార్యకర్త కోడీ విల్సన్ సంస్థ, ప్రింటర్‌తో చేసుకునే ‘లిబరేటర్’ పిస్టల్ డిజైన్ ఫైళ్లు ఆన్‌లైన్‌లో పెట్టింది. విదేశాంగ శాఖ తీయించేలోపే డౌన్‌లోడ్లు లక్ష దాటాయి. ఫైళ్లు పంచడం వాక్ స్వాతంత్ర్యమేనంటూ ఆ సంస్థ 2015లో కోర్టుకెక్కింది. మెటల్ డిటెక్టరుకు చిక్కని తుపాకీలు 1988 నుంచే నిషిద్ధం కాబట్టి, ఆ డిజైన్‌లో ఒక ఉక్కు దిమ్మకు చోటు పెట్టారు. పిస్టల్ పేలడానికి ఆ దిమ్మతో పనే లేదు, తీసేస్తే ఆపేవాళ్లూ లేరు.

2025 మార్చిలో సుప్రీంకోర్టు ఇంట్లో ప్రింట్ చేసుకునే తుపాకులన్నిటినీ నిషేధించిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కోర్టు సమర్థించిన 2022 నాటి నిబంధన ప్రధానంగా తుపాకీ విడిభాగాల కిట్లు అమ్మే వ్యాపారులకు వర్తిస్తుంది. సొంతానికి ప్రింట్ చేసుకునేవాళ్ల జోలికి అది పోలేదు.