ముందు నీ నోటికి తాళం

అమ్మడూ,

ఆటిజం ఉన్న పిల్లలకి, అదీ మూడేళ్లు నిండి ఆరేళ్లు దాటని వాళ్లకి, ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్, అంటే పనిని వరసలో పెట్టుకోవడం, ఎక్కడిదాకా వచ్చామో గుర్తుంచుకోవడం, తమాయించుకోవడం, మార్పుకి సర్దుకోవడం లాంటివి నేర్పే పని నెత్తికెత్తుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆవిడ గొంతులో గర్వం, నా కడుపులో గాభరా. ఆరుగురితో ఒకేసారి మొదలుపెడతావట! ఇద్దరు చాలు. ఒక్కో పిల్లాడి వెనకా ఒక మనిషి నిలబడి చేయించే పని ఇది. నీకున్నవి రెండే చేతులు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. చూపు, వినికిడి పరీక్షలు అయ్యాయో లేదో మొదటిరోజే అడుగు. గది గోడల మీద బొమ్మలు తగ్గించు. ఒక్కో పని మూడు నుంచి అయిదు నిమిషాలు, మొత్తం కలిపి ఇరవై దాటనీయకు. నిద్ర చాలని రోజు కొత్త పాఠం పెట్టకు. ఏడుపు, మెల్ట్‌డౌన్ (తట్టుకోలేక అదుపు తప్పిపోవడం) వచ్చినప్పుడు నేర్పడం మాట మరిచిపోయి తోడుండు. ఈ నేర్పులు రోజువారీ పనుల్లో ఎలా ఉన్నాయో చూసే బ్రీఫ్-పి అని 63 ప్రశ్నల ఫారం ఉంది, రెండేళ్ల నుంచి అయిదేళ్ల పదకొండు నెలల దాకా పనికొస్తుంది. తల్లిదండ్రుల చేత ఒకటి, బడి టీచర్ చేత ఒకటి నింపించు. ఆ రెండింటికీ పొంతన కుదరని చోటే నీకు అసలు సమాచారం దొరుకుతుంది. ఇంట్లో చేసేది బడిలో చేయడం లేదంటే, ఇంట్లో ఎవరో వాడి తరఫున చేసిపెడుతున్నారేమో చూడు.

ట్యాబ్‌లో జ్ఞాపకశక్తి ఆటలు ఆడిస్తానన్నావట. వద్దు. 2013లో మెల్బీ-లెర్వోగ్, హ్యూమ్ అనే ఇద్దరు ఇలాంటి వర్కింగ్ మెమరీ (పని చేస్తున్నంతసేపూ విషయాన్ని బుర్రలో నిలుపుకునే శక్తి) శిక్షణల మీద వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూశారు. పిల్లలు ఆ ఆటలో, దాన్ని పోలిన ఆటల్లో మెరుగవుతారు. చదువులోకి, మిగతా తెలివిలోకి అది పాకిందనడానికి గట్టి ఆధారం కనిపించలేదు. చెప్పుల జత వెతుక్కోవడం రావాలంటే చెప్పులతోనే నేర్పాలి.

ఇంకొకటి మనసులో పెట్టుకో. 1996లో జెలాజో, ఆయన తోటివాళ్లు మామూలు మూడేళ్ల పిల్లల చేత కార్డులు సర్దించారు. ముందు రంగును బట్టి, తర్వాత ఆకారాన్ని బట్టి. నియమం మారాక "ఇది ఎక్కడికి వెళ్లాలి" అని అడిగితే సరిగ్గానే చూపిస్తారు. అదే కార్డు చేతికిస్తే పాత రంగు పెట్టెలోనే వేస్తారు. తెలియడం ఒకటి, తెలిసినదాన్ని ఆ క్షణంలో చేతిదాకా తెచ్చుకోవడం ఇంకొకటి. మన పిల్లల్లో ఈ ఎడం ఎక్కువ కాలం ఉండొచ్చు. అందుకని "వాడికి తెలుసు, కావాలనే చేయడం లేదు" అని ఎవరన్నా నీ గదిలో ఆ మాట చెల్లదని చెప్పు. నీ నోట అసలు రాకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. దీనికోసమే ఈ ఉత్తరం.

ఈ పనిలో మా తరం చేసిన పెద్ద తప్పు నోటితో నేర్పడం. నువ్వేమో పుట్టుకతోనే వసపిట్టవి, అందుకే నీ గురించి మరీ బెంగ. చేతులు కడుక్కోవడం తీసుకో. చొక్కా చేతులు పైకి లాక్కోవాలి, కుళాయి తిప్పాలి, తడపాలి, సబ్బు, రుద్దడం, కడగడం, కుళాయి కట్టేయడం, తుడుచుకోవడం. ఎనిమిది మెట్లు. పక్కన నిలబడి "కుళాయి తిప్పు నాన్నా, ఇప్పుడు సబ్బు, బాగా రుద్దు" అంటూ పోతే రెండు వారాల్లో పిల్లాడు చక్కగా కడుక్కుంటాడు. ఫైల్లో "వచ్చేసింది" అని రాసుకుంటాం. తర్వాత ఒకరోజు నువ్వు దగ్గొచ్చి రెండు క్షణాలు మాట ఆపావనుకో. పిల్లాడు కుళాయి తిప్పి, ధారగా పడుతున్న నీళ్ల ముందు నిలబడి, నీ మొహంలోకి చూస్తాడు.

ఆ చూపు జాగ్రత్తగా చదువు. వాడు నేర్చుకున్నది ఎనిమిది మెట్ల పని కాదు. "విను, చెయ్యి" అనే ఒక్క మెట్టు, ఎనిమిది సార్లు. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడిదాకా వచ్చాను, ఇంకెంత ఉంది అన్న ఆలోచనంతా నీ బుర్రలోనే జరిగింది. నువ్వు నేర్పుతానని బయల్దేరింది సరిగ్గా ఆ ఆలోచననే కదా! దాన్ని నీ దగ్గరే అట్టిపెట్టుకుని వాడికి చేతుల పని మాత్రం అప్పజెప్పావు.

మిగతా సాయాలకన్నా మాట ఎందుకు మొండిదంటే, చేతిసాయాన్ని కొద్దికొద్దిగా పలచన చేయొచ్చు: అరచేతి నుంచి మణికట్టుకి, మోచేతికి, భుజానికి, చివరికి ఉత్త దగ్గరితనానికి. మాటని అలా పలచన చేయడం కష్టం. గుసగుసగా "సబ్బు" అన్నా అది సబ్బే. మొదటి అక్షరం దగ్గర ఆపినా వాడు వినే పనిలోనే ఉంటాడు. పైగా అందరి నోటా అదే: అమ్మ, నాన్న, అమ్మమ్మ, టీచర్. నువ్వొక్కదానివి మానేస్తే చాలదు.

కనుక ఇలా చెయ్యి. బేసిన్ పైన, పిల్లాడి కంటి ఎత్తున, ఎడమ నుంచి కుడికి ఎనిమిది ఫోటోలు అంటించు. వాడు వాడే బేసిన్, వాడు వాడే సబ్బే ఫోటోలో ఉండాలి. వెల్క్రో పెట్టి ఒక్కోటి పీకించే పద్ధతి పొడి పనులకి బాగుంటుంది కానీ తడి చేతులకి కుదరదు. ఇక్కడ ఫోటో తాకి పని చేయడం, తర్వాతి ఫోటో తాకడం, అంతే. ఫోటో అంటే ఏమిటో ఇంకా అంతుపట్టని పిల్లలకి ఫోటోలు వద్దు. బయటికి వెళ్లడానికి చెప్పు, స్నానానికి మగ్గు చేతికిచ్చి అక్కడ మొదలుపెట్టు.

నువ్వు వెనక నిలబడు. పక్కన వద్దు, ఎదురుగా అసలే వద్దు. నీ కళ్లు తువ్వాలు వైపు తిరిగినా అది సూచనే, వాడు పట్టేస్తాడు. ఒక మెట్టు అయ్యాక మనసులో అయిదు లెక్కపెట్టు. అయిదు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, నాలిక దురద పెడుతుంది. ఓర్చుకో. కదలకపోతే మోచేయి కింద చిన్నగా తాకు. అప్పటికీ కదలకపోతే మణికట్టు పట్టి వాడి వేలిని ఫోటో దగ్గరికి తీసుకెళ్లు. కుళాయి దగ్గరికి కాదు సుమా, ఫోటో దగ్గరికి. కుళాయి చూపిస్తే నీ మీద ఆధారపడతాడు, ఫోటో చూపిస్తే ఫోటో మీద. ఫోటో నువ్వు లేనప్పుడు కూడా గోడ మీదే ఉంటుంది. చెయ్యి వెనక్కి లాక్కుంటే వెంటనే వదిలెయ్. బలవంతాన కదిలించిన చెయ్యి ఏమీ నేర్చుకోదు. నీ చేతులెప్పుడూ చల్లగా ఉంటాయి, పట్టుకునే ముందు కాస్త రుద్దుకుని వెచ్చబెట్టుకో.

పూర్తిగా కొత్త పనైతే ఈ వరస తిరగెయ్యి: ముందు నిండుగా సాయం చేసి, రోజురోజుకీ తగ్గించు, తప్పులు అలవాటు కాకుండా. మొదట వాడికి వదలాల్సింది చివరి మెట్టు. మొదటి ఏడూ నీ చేతిసాయంతో, తుడుచుకోవడం వాడంతట వాడు. అది మూడురోజులు వరసగా నిలిచాక చివరి రెండూ. ఇలా వెనక నుంచి ముందుకి వస్తే పని ముగించిన తృప్తి రోజూ వాడిదే అవుతుంది. ఒక మెట్టు దాటేస్తే "కాదు కాదు" అనకుండా, అంతకు ముందు సరిగ్గా చేసిన మెట్టు దాకా వెనక్కి తీసుకెళ్లి అక్కణ్ణుంచి మళ్లీ నడిపించు. తప్పిన చోట అతుకు వేస్తే ఆ తప్పు కూడా వరసలో భాగమైపోతుంది.

రుద్దడం దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. తడపడం, తుడవడం ఎప్పుడు అయిపోయాయో కంటికి తెలుస్తుంది. రుద్దడానికి అంతు కనిపించదు. 20 సెకన్ల ఇసుక గడియారం పెడతారు కొందరు. ఇసుక జారడం చూస్తూ చేతుల మాటే మరిచిపోయే పిల్లలుంటారు, వాళ్లకి ఆ ఒక్క మెట్టునీ మూడు ఫోటోలుగా విడగొట్టు: అరచేతులు, చేతి వెనక, వేళ్ల సందులు. ఏ పనిలోనైనా పిల్లాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూస్తే, అంతు కనిపించని మెట్టు తరచుగా అక్కడే దొరుకుతుంది. ఇక చొక్కా చేతులు పైకి లాగడం మొదటి మెట్టుగా ఉండాల్సిందే. తడిసిన గుడ్డ ఒంటికి తగిలితే కొందరికి మిగతా పాఠమంతా నీళ్లపాలే.

కాగితం మీద మెట్టు మెట్టుకీ ఒక గడి గియ్యి. చేతిసాయానికి "చే", తాకితే "తా", ఫోటో చూపిస్తే "ఫో", తనంతట తాను చేస్తే "స్వ", నోరు జారితే "నో". ఆ "నో"లు దాచకు. ఎనిమిది గడుల్లోనూ మూడురోజులు వరసగా "స్వ" వచ్చాక నువ్వు ఒక అడుగు వెనక్కి, తర్వాత మూడడుగులు, తర్వాత గుమ్మం అవతలికి. ఆ తర్వాత వేరే బేసిన్, వేరే రకం కుళాయి, వేరే మనిషి. మొదటిసారి తడబడేది కుళాయి దగ్గరే, భయపడకు.

ఇప్పటికే మాటకి అలవాటు పడ్డ పిల్లలు నువ్వు నోరు మూయగానే నిమిషం, రెండు నిమిషాలు బొమ్మలా నిలబడతారు. తల్లిదండ్రులు "ఉన్నది కూడా పోయింది" అంటారు. పోయిందేమీ లేదు, ఎప్పుడూ లేనిది బయటపడింది. ఈ సంగతి వాళ్లకి ముందే చెప్పిపెట్టు.

ఆటలో మాత్రం ఎంతైనా మాట్లాడు తల్లీ. పని అయ్యాక "సబ్బు నువ్వే వెతుక్కున్నావు" అను. ఉత్త "వెరీ గుడ్" కన్నా అది నయం, దేనికి మెచ్చుకున్నావో తెలుస్తుంది.

ఎదురుచూడటం నేర్పేటప్పుడు భాషతో జాగ్రత్త. మనం "ఆగు" అని నడక ఆపమనడానికీ అంటాం, కాసేపు ఓపిక పట్టమనడానికీ అంటాం. పిల్లాడికి రెండూ కలిసిపోతాయి. ప్రమాదానికి "ఆగు", ఎదురుచూపుకి "ఉండు" అని ఖాయం చేసి ఇంట్లో అందరి చేతా అదే అనిపించు. "ఉండు" కార్డు వాడి చేతికిచ్చి రెండు సెకన్లు, కార్డు తీసుకుని బొమ్మ ఇచ్చెయ్. తర్వాత 4, 7, మళ్లీ 3, 10, మళ్లీ 5. ఎప్పుడూ పెంచుకుంటూ పోతే ఆ కార్డు చూస్తేనే హడలిపోతాడు. ఓపిక తెగకముందే ఇవ్వాలి. తెగాక ఇస్తే ఏడవడం నేర్పినట్టు. దొరకని వస్తువుకి "ఉండు" కార్డు చూపించావా, ఆ రోజుతో దాని విలువ పోయింది. "లేదు"కి వేరే కార్డు ఉండాలి.

మార్పుని తట్టుకోవడానికి ఒక "మార్పు" కార్డు. మొదటి పదిసార్లూ ఆ కార్డు మంచి మార్పే తేవాలి: పజిల్ ఉండాల్సిన చోట సబ్బు బుడగలు. తర్వాత అటూ ఇటూ కాని మార్పు. చిరాకు తెప్పించేది చివర్న, అదీ రోజుకొకటి. ఎవరికీ ఇబ్బంది లేని అలవాట్ల జోలికి పోకు. కార్లని వరసలో పేర్చుకుంటే పేర్చుకోనీ.

తమాయించుకోవడం నేర్పమని వచ్చే తల్లిదండ్రుల్లో సగంమంది మనసులో ఉండేది చేతులు ఆడించడం ఆపించాలని. అందుకు ఒప్పుకోకు. చేతులాడించడం వాడికి ఊపిరి తీసుకున్నట్టు. దాన్ని అణిచిపెట్టే శ్రమలోనే వాడి శ్రద్ధంతా ఖర్చైపోతే నీ పాఠానికి ఏం మిగులుతుంది? చెప్పినదల్లా చేసే పిల్లాణ్ణి తయారుచేయడం చాలా తేలిక, అదే నాకు భయం. మొదటి వారంలోనే "వద్దు" కార్డు ఇవ్వు. వాడు అది చూపించినప్పుడు, ప్రమాదం లేనంతవరకు నిజంగానే పని ఆపు.

ఇక తలుపులు, నీళ్లు. దీని గురించి విసిగిస్తానని మీ అమ్మ ముందే చెప్పే ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లలు కన్నుమూసి తెరిచేలోగా ఇల్లు దాటిపోవడం చాలా మామూలు. అలా వెళ్లినప్పుడు ప్రాణాలు పోయేది ఎక్కువగా నీళ్లలో మునిగి. అందుకని నీ ఆటల్లో మొదటిది "ఆగు" ఆట. చెయ్యి పట్టుకుని గదిలో నడుస్తూ "ఆగు" అని నువ్వూ ఆగు. తర్వాత చెయ్యి వదిలి ఒక మీటరు, మూడు, అయిదు. తర్వాత బయట కంచె ఉన్న చోట, తర్వాత వేరేవాళ్ల గొంతుతో. పదిసార్లు ఆగితే తొమ్మిదిసార్లు వెంటనే ఆట మళ్లీ సాగాలి. ఆగినప్పుడల్లా ఇంటికి తీసుకెళ్తే రేపు ఆగడు. మాట వాడకూడదన్న నా నియమం ఇక్కడ చెల్లదు, గట్టిగా అరిచి చెప్పు. ఆట ఎంత బాగా వచ్చినా తలుపు గొళ్లెం పైనే ఉండాలి, గుమ్మానికి అలారం ఉండాలి, ఈత నేర్పించే వీలుంటే నేర్పించమని ప్రతి ఇంటికీ చెప్పు.

మొదటివారం కాగితాలు ఫోటో తీసి పంపు. "స్వ"లు లెక్కపెట్టి చూపించకు, నాకు "నో"లు ఎన్నున్నాయో కావాలి. నలభైకి తగ్గితే నువ్వు అబద్ధం రాశావనుకుంటాను.

నీ
పెద్దమ్మ