గేలిక్ బోర్డును ప్రశ్నించదలచిన మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

పిల్లవాడిని స్కాట్లాండ్‌లోని ఇన్వర్‌నెస్‌లో, అక్కడి ప్రాచీన భాష అయిన గేలిక్ మాధ్యమం బడిలో చేర్చావని, ఆ భాష కోసం ప్రజాధనం ఖర్చుపెట్టే బోర్డ్ నా గాలిక్ సంస్థ పనితీరును సామాన్య పౌరులు ఎలా పరిశీలించాలో చెప్పమని రాశావు. ప్రభుత్వ సంస్థల లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగంలో నా జీవితం గడిచింది కనుక, నాకు ముఖ్యమని తోచినవి రాస్తున్నాను.

ముందుగా ఆ సంస్థ 2018-19 ఆడిట్‌పై ఆడిటర్ జనరల్ 2019 డిసెంబరులో స్కాట్లాండ్ పార్లమెంటుకు ఇచ్చిన నివేదిక చదువు. ఆ ఏటి లెక్కలు సరిగానే ఉన్నాయని ఆడిటర్లు ధ్రువీకరించారు. అయినా నాయకత్వం బలహీనంగా ఉందనీ, బోర్డు సభ్యుల బాధ్యత ఎక్కడ ముగిసి ఉన్నతాధికారుల బాధ్యత ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా లేదనీ, సభ్యుల పరిశీలన చాలడం లేదనీ, సిబ్బంది విషయంలో సరైన ప్రణాళిక లేదనీ తేల్చారు. పార్లమెంటు ఆడిట్ కమిటీ బోర్డు పెద్దలను పిలిపించి వివరణ అడిగింది. ఆ తరువాతి ఆడిట్‌లో మంచి పురోగతి కనిపించింది. లెక్కలు కుదిరినంత మాత్రాన పాలన బాగున్నట్లు కాదని ఈ నివేదిక చూపుతుంది. కాబట్టి సమావేశాల మినిట్స్ చదివేటప్పుడు అధికారులు పెట్టిన ప్రతిపాదనను సభ్యులు ఎప్పుడైనా వెనక్కి పంపారా, ఏదైనా మార్చమన్నారా, గత సమావేశంలో ఒప్పుకున్న పని ఈసారికి పూర్తయిందా అని వెతుకు. 'గమనించడమైనది' అన్న మాటే పేజీల కొద్దీ కనిపిస్తే నీ మొదటి ప్రశ్న దొరికినట్లే.

ఫలితాల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. గేలిక్ ఎంతో కొంత వచ్చినవారు 2011 జనగణనలో సుమారు 87 వేల మంది ఉండగా 2022 నాటికి 1,30,161 మంది అయ్యారు. ఇది సంతోషించదగిన పెరుగుదల. అయితే ఆ భాష నేటికీ ఇంటా బయటా వినిపించే పశ్చిమ దీవులలో మాట్లాడగలిగినవారి వాటా అదే కాలంలో 52 శాతం నుంచి 45 శాతానికి పడిపోయి, మొదటిసారి సగం కన్నా తగ్గింది. వార్షిక నివేదికలో మొదటి అంకె కనిపించి రెండవది కనిపించకపోతే, దీవుల కోసం ఎంత కేటాయించారో, ఆ డబ్బు వల్ల ఏ ఊళ్లో ఏమి మారిందో అడుగు. ఎన్ని కార్యక్రమాలు జరిపారు, ఎన్ని గ్రాంట్లు ఇచ్చారు అనే జవాబుతో తృప్తిపడవద్దు. అవి చేసిన పనులే తప్ప వచ్చిన ఫలితాలు కావు.

అయితే తప్పంతా బోర్డు మీదికి నెట్టడం న్యాయం కాదు. బడులు నడిపేది స్థానిక కౌన్సిళ్లు, నిధులిచ్చేది మంత్రులు. 2024లో ప్రభుత్వ నిధుల కోత వల్ల ఊళ్లలో పనిచేసే గేలిక్ అధికారుల ఉద్యోగాలకు ముప్పు వచ్చింది. అప్పుడు నిలదీయవలసింది మంత్రులనే. 2005 చట్టం కింద జాతీయ గేలిక్ ప్రణాళికను బోర్డు రూపొందించేది. 2025 నాటి కొత్త చట్టం దాని స్థానంలో మంత్రులు వ్యూహం రూపొందించాలని చెబుతోంది. కనుక రాసే ముందు ఆ పని ఎవరి చేతిలో ఉందో తెలుసుకో.

కావలసిన పత్రం బయట దొరకకపోతే 2002 నాటి స్కాట్లాండ్ సమాచార స్వేచ్ఛా చట్టం కింద ఈమెయిల్ పంపు. ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. 'పాలన గురించి సమస్త సమాచారం' అని కాక, ఫలానా తేదీ సమావేశానికి పెట్టిన ఫలానా పత్రం అని అడుగు. 20 పనిదినాలలో జవాబు రావాలి. జవాబుతో తృప్తి లేకపోతే 40 పనిదినాలలోగా పునఃపరిశీలన కోరవచ్చు. అదీ విఫలమైతే సెయింట్ ఆండ్రూస్‌లోని సమాచార కమిషనర్ ఉన్నారు.

భాషాభిమానులే ప్రశ్నిస్తే గేలిక్ మీద ఖర్చే వృథా అనేవారికి బలమిచ్చినట్లవుతుందని కొందరు నిన్ను వారించవచ్చు. నేను ఒప్పుకోను. 2019 నివేదికలోని లోపాలు బయటపడ్డాకే సరిదిద్దడం మొదలైంది, బోర్డు నిలబడింది. ప్రతి ఉత్తరంలోనూ నీ బిడ్డ ఆ భాషలో చదువుతున్నాడనీ, ఆ సంస్థ బాగుపడాలనే అడుగుతున్నావనీ మొదటి వాక్యంలోనే రాయి. నీ నియోజకవర్గ సభ్యుడు ఒకరు, ప్రాంతీయ సభ్యులు ఏడుగురు కలిపి పార్లమెంటులో నీ తరఫున మాట్లాడగలవారు 8 మంది ఉన్నారు. బోర్డు జవాబు ప్రతిని జతచేసి, ఒక్కొక్కరికీ విడిగా రాయి.