యువసేన పోస్టు కాదు, ఎమ్మెల్యే చేసిన షేరే మీ కేసు

ప్రశ్న: హైదరాబాద్ శివారులో మా కాలనీ సంక్షేమ సంఘానికి ఆరేళ్లు కోశాధికారిగా ఉన్నాను. డ్రైనేజీ లైన్ ఎప్పుడు వేస్తారని మా ఎమ్మెల్యే ఫేస్‌బుక్ పేజీలో రెండు మూడుసార్లు కామెంట్ పెట్టాను. నిరుడు లష్కర్ బోనాల మర్నాడు, 2025 జులై 14న, ఆయన పేరుతో నడిచే యువసేన పేజీలో నా ఫొటో వేసి 'డ్రైనేజీ చందాలు తిన్న దొంగ' అని రాశారు. ఆ సాయంత్రమే ఎమ్మెల్యే పేజీ దాన్ని 'ఇలాంటి వాళ్ల వల్లే మన కాలనీలు బాగుపడటం లేదు' అంటూ షేర్ చేసింది. మా అమ్మాయికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. టెన్షన్‌తో నాకు బీపీ పట్టుకుంది. మేనల్లుళ్లు రిపోర్ట్ కొట్టి యువసేన పోస్టు తీయించారు. నా దగ్గర ఒక స్క్రీన్‌షాట్ మాత్రం ఉంది, పాత ఫోన్ జగదీశ్ మార్కెట్‌లో అమ్మేశాను. పక్కింటాయన అప్పట్లో రెండు పేజీలూ స్క్రీన్ రికార్డింగ్ చేశారట. పోయిన పోస్టును అచ్చం అలాగే తయారుచేసి ఇస్తానని అమీర్‌పేటలో ఒక కుర్రాడు అంటున్నాడు. ఎమ్మెల్యేను జైలుకు పంపగలనా? 50 లక్షల పరిహారం వస్తుందా? ఈ ఏడు బోనాలు అయ్యాక కేసు వేద్దామనుకుంటున్నాను.
- ఒక పాఠకుడు

జవాబు: ముందుగా ఆ అమీర్‌పేట కుర్రాడికి ఫోన్ చేసి వద్దని చెప్పండి. జరిగింది నిజమే అయినా, దానికి తయారుచేసిన కాగితం పెడితే అది దొంగ సాక్ష్యమే. కోర్టు విచారణలో వాడటానికి సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. పరువు నష్టానికి ఎమ్మెల్యేకు పడే గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఏది పెద్దదో మీరే చూసుకోండి. పైగా ఆ ఒక్క నకిలీ బయటపడితే మీ అసలు సాక్ష్యాన్నీ జడ్జిగారు నమ్మరు.

ఇక కేసు. సంబంధం తప్పిపోవడం, బీపీ, ఇవన్నీ పరిహారం ఎంత అన్నప్పుడు పనికొస్తాయి. అంతకుముందు తేలాల్సింది ఒక్కటే: ఆ మాట అన్నది ఎవరు? మీరు ఉత్తరమంతా 'ఎమ్మెల్యే పెట్టించాడు' అనే ధోరణిలో రాశారు. పెట్టించాడని మీ దగ్గర రుజువు లేదు. ఇవాళ ప్రతి నాయకుడికీ సొంత పేజీ ఒకటి, అభిమానుల పేరుతో, యువసేనల పేరుతో మరికొన్ని, ఇవిగాక వాట్సాప్ గ్రూపులు ఉంటున్నాయి. శంకుస్థాపనలు, పరామర్శలు సొంత పేజీలో వస్తాయి. తిట్లు పక్క పేజీల్లో వస్తాయి. కోర్టులో 'ఎవరో కుర్రాళ్లు నడుపుతున్నారు, నాకు తెలియదు' అంటే, అడ్మిన్ ఎవరో తేలేదాకా మీరు ముందుకు కదలలేరు.

కానీ ఆయన పేజీ షేర్ చేసింది, పైన ఒక వాక్యం కూడా రాసింది. మీ కేసు అక్కడ ఉంది. వేరేవాళ్లు రాసినదాన్ని పంచుకున్నంత మాత్రాన బాధ్యత తప్పదు. తమిళనాడు మాజీ ఎమ్మెల్యే ఎస్.వి. శేఖర్ మహిళా జర్నలిస్టులను కించపరిచే పోస్టును ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. కంట్లో మందు వేసుకోవడం వల్ల చదవకుండా పంపానని ఆయన తరఫున చెప్పినా 2023లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు.

'ఆ పేజీ నాది కాదు' అని కూడా ఎమ్మెల్యే అనవచ్చు. దానికి జవాబు ఆయన సంతకంతోనే ఉండే అవకాశం ఉంది. అభ్యర్థులు తమ సోషల్ మీడియా ఖాతాలను నామినేషన్‌తో వేసే ఫారం 26 అఫిడవిట్‌లో ప్రమాణపూర్వకంగా చెప్పాలని ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే ఆదేశించింది. 2023 నవంబరు 30 ఎన్నికకు ఆయన వేసిన అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో చూడండి. ఆ పేజీ అందులో ఉంటే వెంటనే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. లేకపోతే, అదే పేజీలో ఆయన స్వయంగా మాట్లాడిన లైవ్ వీడియోలు, అక్కడ ఇచ్చిన ఆఫీసు ఫోన్ నంబరు రికార్డు చేసి పెట్టుకోండి.

మీ నిర్లక్ష్యం గురించి చెప్పక తప్పదు. సాక్ష్యం భద్రపరచకముందే పోస్టు తీయించారు. ఫిర్యాదు మీద తీసేసిన సమాచారాన్ని 2021 ఐటీ నిబంధనల ప్రకారం కంపెనీ 180 రోజులు దాచాలి. ఆ గడువు ఈ జనవరిలోనే పోయింది. ఇప్పుడు ఎమ్మెల్యే పేజీ తెరిస్తే పైన ఆయన వాక్యం ఉంటుంది, కింద మీ ఫొటో ఉండాల్సిన చోట 'ఈ కంటెంట్ అందుబాటులో లేదు' అన్న డబ్బా ఉంటుంది. ఆ వాక్యం ఎవరి గురించో చదివినవాడికి తెలియదు. పైగా ఫోన్ అమ్మేశారు. తేదీ, లింక్ కనిపించని మీ స్క్రీన్‌షాట్ ఒక్కటే అయితే ఈ కేసు తీసుకోవద్దని నేనే చెప్పేవాణ్ని.

మిమ్మల్ని కాపాడేది పక్కింటాయన రికార్డింగ్. దాన్ని వాట్సాప్‌లో తెప్పించుకుని సరిపెట్టుకోకండి. అసలు ఫైలు ఏ ఫోన్‌లో ఉందో అది ముఖ్యం. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో మొదటి భాగం మీద ఫోన్ యజమానిగా ఆయన, రెండో భాగం మీద నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలును మార్చలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. పాత చట్టంలో ఇదే 65బి. కేరళలో ఒక ఎమ్మెల్యే ఎన్నికను సవాలు చేసిన అన్వర్, ప్రసంగాల సీడీలకు ఆ సర్టిఫికెట్ జతచేయక 2014లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. పక్కింటాయన కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వస్తారో లేదో కూడా ఇప్పుడే అడగండి. ఎమ్మెల్యేకు భయపడి రేపు వెనక్కి తగ్గితే మీ చేతిలో ఏమీ ఉండదు.

బోనాలయ్యాక అన్నారు. అక్కడే మునిగిపోతారు. పరిహారం దావాకు గడువు ప్రచురించిన రోజు నుంచి ఒక్క ఏడాది, అంటే 2026 జులై 14. ఈసారి అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఆషాఢం జులై సగానికి గానీ మొదలవదు. పండగ తిథిని నమ్ముకుంటే దావా హక్కు పోతుంది. షేర్ ఇంకా పేజీలో ఉంది కదా, గడువు రోజూ కొత్తగా మొదలవుతుందని ఎవరైనా చెబితే వినకండి. ఇంటర్నెట్‌లో ఉంచినంత మాత్రాన ప్రతిరోజూ కొత్త ప్రచురణ కాదని ఢిల్లీ హైకోర్టు 2013లోనే చెప్పింది.

క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు ఉంది. కానీ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగకండి. పరువు నష్టం పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదు, సోషల్ మీడియా పోస్టుల విషయంలో తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరులో మళ్లీ ఆ మాటే చెప్పింది. న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద మీరే కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. ప్రజాప్రతినిధుల కేసుల ప్రత్యేక కోర్టు నాంపల్లిలో ఉంది. శిక్ష పడాలా వద్దా అన్నది కోర్టు నిర్ణయం, దానికి ఎవరూ హామీ ఇవ్వలేరు. 50 లక్షలు అడిగితే కోర్టు ఫీజూ ఆ మేరకు పెరుగుతుంది. మీరు భరించగలిగినంత, రుజువు చేయగలిగినంతే అడగండి.

ఇంకొకటి. చందా లెక్కలు సర్వసభ్య సమావేశంలో ఆమోదం పొందాయా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. ప్రజల మేలు కోసం నిజమే చెప్పామన్నది ఎమ్మెల్యే తరఫు మొదటి వాదన అవుతుంది. అది రుజువు చేయాల్సింది వాళ్లే అయినా, వాళ్ల వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న మీ రశీదు పుస్తకం గురించే వస్తుంది. పాస్‌బుక్, రశీదులు, మినిట్స్ పుస్తకం తీసుకుని చార్టర్డ్ అకౌంటెంట్‌తో ఆడిట్ చేయించండి. ఒక్క రూపాయి తేడా కనిపించినా కేసు వేయకముందే మీ వకీలుకు చెప్పండి.

ఈ వారమే వకీలు ద్వారా ఎమ్మెల్యేకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి: షేర్ తీసేయాలి, అదే పేజీలో అంతే ప్రముఖంగా క్షమాపణ వేయాలి, 15 రోజుల గడువు. నోటీసు వెళ్లకముందే ఆ పేజీని మరోసారి రికార్డు చేయించండి, నోటీసు అందాక అది ఉండకపోవచ్చు. చాలామంది ఈ దశలోనే దిగివస్తారు. రాకపోతే జూన్ నెలాఖరుకల్లా దావా దాఖలు కావాలి. ఈలోగా మీరు గానీ, మేనల్లుళ్లు గానీ ఆన్‌లైన్‌లో ఒక్క మాట రాయొద్దు.

పక్కింటాయన ఫోన్ మార్చే ఆలోచనలో ఉన్నారేమో ఈ రాత్రే అడగండి.