నాన్న బ్రష్షు ముట్టుకోకు

కొత్తవాడ, వరంగల్

చిరంజీవి సహజకు,

మేనత్త ఆశీస్సులు. ఫోనులో చెబితే ‘సరే అత్తమ్మా, సరే అత్తమ్మా’ అంటూ మధ్యలోనే పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మొన్న మీ అమ్మ చింతపండు తీసుకుపోవడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి మూడు మాటలు చెప్పింది. మహారాష్ట్రలోని భివండీలో మా పెద్దబాపు కొడుకు దొరికాడని నువ్వు నమ్ముతున్నావట. నిజమో కాదో డీఎన్‌ఏ పరీక్షతో తేలుస్తావట. అందుకోసం మీ నాన్న పాత బ్రష్షు ఒకటి కాగితంలో చుట్టి దాచమన్నావట. మొదటి మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడో మాటకు ఒళ్లు మండింది.

ముందు మెచ్చుకోనీ. మా పెద్దబాపు 1955లో కాజీపేటలో బండెక్కి భివండీ మరమగ్గాలకు పోయాడు. ఇక్కడి నేతపనివాళ్లు భివండీకో షోలాపూర్‌కో సూరత్‌కో పోవడం అప్పుడు కొత్త కాదు. రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి, ఆ తర్వాత రాలేదు. దసరా నాడు పిల్లలమంతా మా నానమ్మ చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కేవాళ్లం. అందులోంచి ఆమె ఒక ఆకు తీసి గూట్లో దీపం పక్కన పెట్టేది. ‘ఇది పెద్దవాడు పెట్టిన బంగారం’ అనేది. మళ్లీ దసరా దాకా అది అక్కడే ఎండి చుట్టుకుపోయేది. ఆమె పోయిన ఇన్నేళ్లకు ఆ మనిషిని వెతకాలని ఈ ఇంట్లో తోచింది నీకు ఒక్కదానికే. ముప్పై నాలుగేళ్లు రక్తం సీసాల మధ్య బతికిన నాకే తట్టలేదు.

ఇక తిట్లు.

తండ్రీ బిడ్డల పరీక్ష సులువైనది. మన డీఎన్‌ఏలో కొన్ని చోట్ల ఒకే చిన్న ముక్క పదేపదే వస్తుంది, దర్రీ అంచులో ఒకే గడి వరుసగా వచ్చినట్టు. అది ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ప్రతి చోటా రెండు లెక్కలుంటాయి, ఒకటి తల్లి ఇచ్చింది, ఇంకొకటి తండ్రి ఇచ్చింది. గుర్తులనే అలాంటి ఇరవై చోట్లు పోల్చి చూస్తే తండ్రి అవునో కాదో తేలిపోతుంది. కానీ నీకు కావలసింది ఆ చుట్టరికం కాదు. పెద్దబాపు లేడు, మా బాపూ లేడు. మిగిలింది వాళ్ల పిల్లలం. అన్నదమ్ముల పిల్లల మధ్య కలిసేది సగటున ఎనిమిదో వంతు, అంటే పన్నెండున్నర శాతం. నీ తరానికి వచ్చేసరికి అందులోనూ సగం. అది ఇరవై గుర్తులకు దొరకదు, లక్షల గుర్తులు చూసే పరీక్ష కావాలి. అందుకే ఆ ల్యాబువాళ్లు నీకు వై క్రోమోజోము సంగతి చెప్పి ఉంటారు. అది తండ్రి నుంచి కొడుకుకు దాదాపు మారకుండా దిగుతుంది. మా తాత నుంచి అటు పెద్దబాపుకు, భివండీ ఆయనకు. ఇటు మా బాపుకు, మీ నాన్నకు. నాకూ లేదు, నీకూ లేదు. ఇంట్లో మిగిలిన మగవాడు మీ నాన్న ఒక్కడే. ఆయన ఒప్పుకోడు కాబట్టి బ్రష్షు. ఎంత తెలివి!

ఆ బ్రష్షు ఏం చెప్పగలదో విను. కలిస్తే ఇద్దరిదీ ఒకే మగ వంశం అని మాత్రమే. పది తరాల కింద విడిపోయి, ఒకే ఇంటిపేరుతో వేరే ఊళ్లో ఉన్నవాళ్లకూ కలవవచ్చు. ఒకటి రెండు గుర్తుల్లో తేడా వచ్చినంత మాత్రాన కాదనీ అనలేం, ఎప్పుడో ఒకసారి ఆ లెక్క ఒక అంకె జారుతుంది. అసలు కలవకపోతే? ఆయన మన మనిషి కాదని నువ్వు చేతులు దులుపుకుంటావు. కానీ మధ్యలో నాలుగు పుట్టుకలున్నాయి. పెద్దబాపు ఎవరో తల్లిలేని పిల్లవాడిని తెచ్చి పెంచుకుని ఉండవచ్చు, అప్పుడు కలవకపోయినా అతను ఆయన కొడుకే. లేదా మనవైపే ఒక పుట్టుక దగ్గర మనం ఇన్నాళ్లూ అనుకున్నది తప్పు కావచ్చు. ఏ పుట్టుక దగ్గరో ఆ కాగితం చెప్పదు. మీ నాన్న బ్రష్షుతో పాటు మా అమ్మనూ మా నానమ్మనూ కూడా కవరులో పెట్టి పంపుతున్నావు. వాళ్లిద్దరూ లేచి వచ్చి ఒక్క మాట చెప్పుకోలేరు.

ఎందుకింత గట్టిగా అంటున్నానో చెబుతాను. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

1986. నేను రక్త పరీక్షల ఉద్యోగంలో చేరి ఏడాది. ఏ ఆసుపత్రో వదిలేయి. నర్సంపేట వైపు పల్లె నుంచి ఆరేళ్ల పిల్లవాడిని తెచ్చారు, చింతచెట్టు మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. రక్తం కావలసి వస్తుందని తల్లీ తండ్రీ ఇద్దరూ చేయి చాపారు. గాజుపలక మీద రక్తపు చుక్కలు వేసి, ఒకదానిలో నీలం మందు, ఒకదానిలో పసుపు మందు కలిపి పలకను మెల్లగా ఊపుతాం. చుక్క విరిగిన పాలలా పలుకులు కడితే ఆ గుణం ఉన్నట్టు, నున్నగా ఉండిపోతే లేనట్టు. తల్లిది ఏ. పిల్లవాడివి రెండు చుక్కలూ విరిగాయి, ఏబీ. తండ్రివి రెండూ నున్నగానే ఉన్నాయి, ఓ. మళ్లీ చేశాను, అదే వచ్చింది. ఓ గ్రూపు తండ్రికి ఏబీ బిడ్డ పుట్టడని పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న పిల్లను. చిట్టీ రాసి కిటికీలోంచి ఇస్తూ ఆ తండ్రితో అన్నాను: ‘మీది ఓ అయితే వీడిది ఏబీ ఎలా అయింది?’

అంతే, ఆ ఒక్క మాట. నా చదువు చూపించుకోవాలన్న సరదా తప్ప మనసులో ఇంకేమీ లేదు. ఆయన వెనక ఆయన తల్లి నిలబడి ఉంది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. ఏమీ అడగలేదు, కొంగు సర్దుకుంది.

పిల్లవాడి కాలు అతుక్కుంది. నెల తిరగకముందే తల్లినీ పిల్లవాడినీ పుట్టింటికి పంపేశారని మా ఆయా చెప్పింది. అప్పటికీ నా తప్పని అనిపించలేదు. సైన్సు చెప్పింది, నేనేం చేయను అనుకున్నాను.

1991లో ఆ తండ్రి ఏదో ఆపరేషనుకు వచ్చాడు. ఓ గ్రూపు సీసా తెచ్చి, ఆ రక్తం ఆయనకు పడుతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ పెడితే చుక్క విరిగింది. ఇంకో సీసా, అదీ విరిగింది. నాలుగో సీసా కూడా. ఓ మనిషికి ఓ రక్తం పడకపోవడమేమిటని మా పెద్ద డాక్టరు నమూనా హైదరాబాద్ పంపించారు. బాంబే గ్రూపు అని జవాబు వచ్చింది. 1952లో బొంబాయిలో మొదట గుర్తించారు కాబట్టి ఆ పేరు. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందంటారు. ఏ గానీ బీ గానీ కూర్చోవాలంటే కింద హెచ్ అనే పీట ఉండాలి. పీట లేకపోతే లోపల బీ జన్యువు ఉన్నా పలక మీద కనబడదు, అచ్చం ఓ లాగే ఉంటుంది. పిల్లవాడికి పీట తల్లి ఇచ్చింది, తండ్రిలో దాగిన బీ వాడిలో బయటపడింది. వాడు ఆయన బిడ్డే. ఆయన సీరంను, అంటే రక్తంలో పైకి తేరిన నీటిని, ఓ కణాలతో కలిపి తిరగేసి చూసి ఉంటే నాకు ఆ రోజే అనుమానం వచ్చేది.

ఆమె పుట్టిల్లు వెతుక్కుంటూ పోయాను. అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఒడిలో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. పీట సంగతీ బీ సంగతీ అన్నీ చెప్పాను, ఏడ్చాను కూడా. ఆమె చేతులు ఆగలేదు. ఆకు పరచడం, పొడి వేయడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. ఇరవై ఐదు అయ్యాక కట్ట కట్టి పక్కన పెట్టి అప్పుడు అడిగింది: ‘ఆ రోజు నిన్ను ఎవరైనా అడిగారా అమ్మా?’

ఎవరూ అడగలేదు. పిల్లవాడికి రక్తం కావాలని వచ్చారు. తండ్రి ఎవరని అడగడానికి రాలేదు. భర్త తర్వాత పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చి పిలిచాడట, ఆమె పోలేదట. పోలేదని విన్నప్పుడు నాకెందుకో కొంచెం ఊపిరాడింది.

చట్టం కూడా ఇలాంటివి చాలా చూసే రాసినట్టుంది. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. పెళ్లి రద్దయ్యాక 280 రోజుల లోపు పుట్టినా, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకపోతే అంతే. బిడ్డ కడుపున పడే కాలంలో ఇద్దరూ కలిసే అవకాశమే లేదని రుజువు చేస్తే తప్ప ఆ మాట చెరగదు. 1872 సాక్ష్య చట్టంలో 112వ సెక్షను ఇది. 2024 జులై నుంచి కొత్త చట్టంలో 116 అయింది. రక్తం ఇచ్చి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. 2021లో ఒక ఆస్తి దావాలో, ఇష్టం లేని మనిషిని డీఎన్‌ఏ పరీక్షకు నెట్టడం అతని ఏకాంత హక్కును తొక్కడమేనంది. ఈ రెండోది మీ నాన్నకు చదివి వినిపించు. కొత్తవాడ ఇంట్లో వాటా పోతుందన్నదే కదా ఆయన గుబులు. పైగా దొంగచాటుగా తెచ్చిన బ్రష్షు మీద వచ్చిన కాగితం ఏ కోర్టులోనూ నిలబడదు. అక్కడికి వెళ్లే నమూనాను సాక్షుల ముందు, గుర్తింపు కార్డులు చూసి, సంతకాలు పెట్టించుకుని, సీలు వేసి తీసుకుంటారు. ఇంగ్లండులో అయితే మనిషికి చెప్పకుండా అతని డీఎన్‌ఏ చూడటమే నేరం, 2004లో చట్టం చేశారు. మన దగ్గర పార్లమెంటు ముందుకు వచ్చిన డీఎన్‌ఏ బిల్లును 2023లో వెనక్కు తీసుకున్నారు. పట్టుకునేవాళ్లు లేరని నువ్వు మీ నాన్న నోట్లోది తీసుకుపోతావా?

పరీక్షే వద్దంటున్నానని అనుకోకు. ఈ విద్య 1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ చేతిలో పుట్టింది. మరుసటి ఏడాదే దాన్ని మొదట వాడింది ఘనా నుంచి వచ్చిన ఒక పిల్లవాడు ఆ తల్లి కొడుకేనని చూపించి, వాళ్లను విడదీయకుండా ఆపడానికి. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ సొంత పద్ధతి తయారు చేశారు. ఆ ఘనా పిల్లవాడి తల్లి తానే చేయి చాపింది, తేడా అంతా అక్కడే ఉంది.

నమూనా తీయడం పెద్ద పనేమీ కాదు. అరగంట ఏమీ తినకుండా ఉండి, దూదిపుల్లతో చెంప లోపల రుద్ది, ఆరనిచ్చి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితం కవరులో పెట్టాలి. ల్యాబు మాత్రం చూసి ఎంచుకో. ఎవరి బ్రష్షు అని అడగకుండా డబ్బు తీసుకునేది ల్యాబు కాదు, కొట్టు. నమూనా ఎన్నాళ్లు ఉంచుతారు, ఎప్పుడు పారేస్తారు, కాగితం ఎవరి చేతికిస్తారు, మధ్యలో వద్దనుకుంటే ఆపుతారా, ఇవన్నీ రాతలో తీసుకో. విదేశీ కంపెనీల వెబ్‌సైట్లలో మనవి ఎక్కించకు. ట్వంటీత్రీ అండ్ మీ అనే కంపెనీ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి, 2025 మార్చిలో అది దివాలా కోర్టుకెక్కింది. బ్యాంకు పిన్ను పోతే మార్చుకుంటాం, ఇది మార్చుకునేది కాదు.

ఇంకొకటి, మన ఇంటి సంగతి. మా తాతా నానమ్మా మేనబావా మేనమరదళ్లు. తరతరాలుగా కులంలోనే, అందులోనూ మేనరికాలే చేసుకున్న మనకు, ఏ చుట్టరికమూ లేదనుకునే ఇద్దరి మధ్య కూడా కొంత కలుస్తుంది. పన్నెండున్నర, ఆరుంబావు అన్న లెక్కలు పరాయి కులాల్లో పెళ్లిళ్లు చేసుకునే దేశాలకు సరిపోతాయి. మన లెక్క చూసేవాళ్లకు ముందే ఈ మేనరికాలు చెప్పు, లేకపోతే దూరపువాడిని దగ్గరవాడిని చేసి పెడతారు.

భివండీ ఆయనను కూడా సరిగ్గా అడుగు. ఫోటోలు పంపాడు, సంబరపడ్డాడు, అది సమ్మతి కాదు. ‘కలవకపోతే మీ నాన్న మీ నాన్న కాకపోవచ్చని కూడా ఆ కాగితం అనిపించవచ్చు, అయినా ఇస్తారా?’ అని మరాఠీలోనో తెలుగులోనో ఆయనకు అర్థమయ్యేలా అడుగు. రెండు రోజులు ఆలోచించుకోనివ్వు. అరవై దాటిన మనిషి.

నీకు కావాలంటే నాది తీసుకో. లక్షల గుర్తుల పరీక్షకు ఆడదాని ఉమ్మి కూడా పనికొస్తుంది, నేను అతనికి చిన్నాన్న కూతురినే కదా. కానీ నాది ఇస్తే సుమారు సగం మీ నాన్నది ఇచ్చినట్టే, కాబట్టి అప్పుడు కూడా ముందు ఆయనకు చెప్పాలి. ఒప్పుకోడు, ఒప్పుకోడు అంటున్నావు. అసలు అడిగావా అని మీ అమ్మను నిలదీస్తే నీళ్లు నమిలింది. ఫోటో చూపించావట, ఆయన టీవీ వైపు తిరిగాడట, దాన్నే జవాబు అనుకున్నావట. చిన్నప్పుడు బాపు కొట్టినా ఇలాగే తిరిగేవాడు, ఏడుపు కనబడకుండా.

రాత్రి పాలప్యాకెట్ ఇవ్వడానికి వచ్చి గడప దగ్గరే నిలబడి, చెప్పులు వేసుకుంటూ, నా ముఖం చూడకుండా అడిగాడు: ‘అక్కా, ఆ భివండీ ఆయనకు మగ్గం వచ్చా?’

తెలియదన్నాను. బ్రష్షు సంగతి నేనేమీ అనలేదు, అది నువ్వే చెప్పుకో. ముందు ఆ భివండీ ఆయనకు ఫోను చేసి మగ్గం సంగతి కనుక్కుని, మీ నాన్నకు నువ్వే చెప్పు.

మీ అత్తమ్మ