వెడల్పు స్కేట్‌బోర్డు డెక్ కొనబోయే మా అల్లుడికి

ఏరా అల్లుడూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. 7.75 అంగుళాల వెడల్పు డెక్ (మనం నిలబడే చెక్క) మీద కాళ్లు ఆనడం లేదు, ఏకంగా 8.5 తెప్పించేస్తానన్నావు. ఆర్డర్ పెట్టేముందు ఇది చదువు. డబ్బులు మీ నాన్నవే గానీ మోకాళ్లు నీవి కదా.

బెంగుళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో నేనూ సరిగ్గా ఇదే పని చేశాను. 7.75 నుంచి ఒక్క గెంతున 8.5కి పోయాను. డెక్ ఒక్కటే కొన్నాను, కింద చక్రాలుండే ట్రక్కులు పాతవే బిగించాను. ఎక్కీ ఎక్కగానే బోర్డు పడవలా ఊగింది. అంచు మీద కాస్త బరువు పడితే చాలు, అవతలి చక్రాలు గాల్లోకి లేచేవి. గాల్లో బోర్డుని కాలితో దొర్లించే కిక్‌ఫ్లిప్ వేస్తే సగమే తిరిగి అంచు మీద నిలబడేది, నేను పోయి దాని మీద దిగేవాణ్ణి. మూడు వారాలు కాలి నొప్పితో కుంటి, వెడల్పు బోర్డులు మనకి పడవని తేల్చుకుని సగం ధరకి అమ్మేశాను. తర్వాతెప్పుడో ఒక కుర్రాడి బోర్డు ఎక్కాను. అదీ 8.5 డెక్కే. అరుగు మీద నుంచున్నట్టు నిలకడగా ఉంది. వంగి కిందకి చూస్తే వాడి చక్రాలు డెక్ అంచుకి సమంగా ఉన్నాయి. నావి లోపలికి ముడుచుకుని ఉండేవి!

కాబట్టి ముందు చూడాల్సింది ఇరుసు పొడవు. నీ ట్రక్కులు ఇండిపెండెంట్ 129 అన్నావు, వాటి ఇరుసు 7.6 అంగుళాలు. 8.5 డెక్ కింద పెడితే ఒక్కో పక్క సుమారు 11 మిల్లీమీటర్లు చెక్క బయటికి వేలాడుతుంది. అదే కంపెనీలో 139కి 8 అంగుళాలు, 144కి 8.25, 149కి 8.5. వేరే కంపెనీ అయితే ఆ నంబర్ల లెక్కే వేరు, అందుకని నంబరు చూసి కొనకు, ఇరుసు కొలత అడుగు. డెక్‌కీ ఇరుసుకీ మొత్తం మీద పావు అంగుళం అటూ ఇటూ ఉన్నా పర్లేదు. ఆటోనగర్‌లో దొరుకుతాయేమోనని మాత్రం వెళ్లకు, అక్కడ ట్రక్కులంటే లారీల దగ్గరికి తీసుకెళ్తారు.

నన్నడిగితే 8.25 తీసుకో, 144 ట్రక్కులతో. రెంటికీ డబ్బు చాలకపోతే 8.0 డెక్ ఒక్కటే కొను. నీ పాత ట్రక్కుల మీద పక్కకి 5 మిల్లీమీటర్లే తేడా, పావు అంగుళం లెక్క కాస్త దాటినా నడిచిపోతుంది. 8.5 ర్యాంపులూ గిన్నెలాంటి బౌల్సూ తిరిగేవాళ్లకి హాయి. నువ్వు తిరిగేది బ్రాడీపేట సందుల్లో, అంత అక్కర్లేదు. ఇంకో మెలిక ఉంది. వెడల్పు పెరిగిన డెక్‌కి చాలాసార్లు వీల్‌బేస్ (రెండు ట్రక్కుల మధ్య దూరం) కూడా పెరుగుతుంది. ముందు ట్రక్కు లోపలి బోల్టు రంధ్రం నుంచి వెనక ట్రక్కు లోపలి రంధ్రం దాకా టేపు పెట్టి కొలువు. నీది 14 అంగుళాలైతే కొత్తదీ ఆ దగ్గర్లోనే చూసుకో. రెండూ ఒకేసారి మారితే ఏది ఇబ్బంది పెడుతోందో నీకే తెలియదు.

కాళ్లు జారకుండా డెక్ పైన వేసే గరుకు గ్రిప్ టేప్ నువ్వే అంటించు. షీటు 9 అంగుళాలుంటుంది, 8.25కి సరిపోతుంది. మధ్యలో ముందు ఆనించి, గాలి బయటికి పోయేలా అంచుల వైపుకి అరచేత్తో తోస్తూ రా. తర్వాత స్క్రూడ్రైవర్ కాడతో అంచు చుట్టూ గట్టిగా రుద్దితే తెల్లటి గీత పడుతుంది. ఆ గీత వెంట బ్లేడు కింద నుంచి ఏటవాలుగా పోనీ. బుడగ మిగిలితే గుండుసూదితో పొడిచి నొక్కెయ్.

పానాల సంగతి. బండి మెకానిక్ దగ్గరి 13 నంబరు పానా చక్రం నట్టుకి పడుతుంది. డెక్ బోల్టుల నట్లకి 10 నంబరు కాస్త వదులు, నిదానంగా తిప్పకపోతే నట్టు మూలలు అరిగిపోతాయి. ట్రక్కు నడిమి బోల్టు, అదే కింగ్‌పిన్, దాని నట్టుకి 14 దూరదు, 15 జారుతుంది. స్కేట్ టూల్ ఒకటి కొనుక్కుంటే ఈ గోల ఉండదు.

మొదటి వారం ఫ్లిప్పుల జోలికి పోకు. ఊరికే తొక్కు, మలుపులు తిప్పు, మాన్యువల్ (రెండు చక్రాల మీదే పోవడం), ఆలీ (బోర్డుతో సహా ఎగరడం), అంతే. వెడల్పు బోర్డు నెమ్మదిగా తిరుగుతుంది, పాత అలవాటుతో వేళ్లు తొందరపడతాయి. కిక్‌ఫ్లిప్ మొదలెట్టినప్పుడు కాలు మధ్యలో ఆపకు, అంచు దాటిందాకా కొట్టు. దిగేటప్పుడు మటుకు నిలబడ్డానికి చోటు ఎక్కువ, అక్కడే నీకు ఆ డబ్బు గిట్టేది. వాన నీళ్లల్లో తిప్పావో, ఏడు పొరల మేపుల్ ఉబ్బిపోయి టప్పుమని లేవడం మానేస్తుంది.

బుధవారం కాలేజీ లేదన్నావుగా, విజయవాడ బస్సెక్కి పదిన్నరకల్లా పటమట వచ్చెయ్. ఆ రోజు నాకు ఇంటి నుంచే పని. ఆఫీసు కార్లన్నీ వెళ్లిపోయి మా అపార్టుమెంటు సెల్లారు ఖాళీగా ఉంటుంది. వాచ్‌మన్ కేకలేస్తే నా పేరు చెప్పు. నా 8.25 ఎక్కి ఓ గంట తిరిగి చూసి, అప్పుడు ఆర్డర్ పెట్టు. నీ బోర్డు కూడా పట్టుకురా, రెండూ బోర్లించి చక్రాలు చూద్దాం. రోజూ వేసుకునే బూట్లే వేసుకురా, కొత్తవి వద్దు.

మీ మావయ్య