అన్నం మానేసే ముందు ఈ ఉత్తరం చదువు

నానీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. మూణ్ణెల్ల షుగర్ పరీక్షలో (హెచ్‌బీఏ1సీ అంటారే, అది) నీకు 6.1 వచ్చిందట. వచ్చే సోమవారం నుంచి ఇంట్లో అన్నం బంద్, రాత్రి భోజనం బంద్, నువ్వూ నాన్నా కలిసి ఒంటిపూట మొదలుపెడుతున్నారట. కొర్రలు, అండుకొర్రలు, ఊదలు కొని డబ్బాలకు పేర్లు కూడా అంటించావట. వినగానే సంతోషమే కలిగింది. ఇరవై తొమ్మిదేళ్ళకే నీ అంతట నువ్వు రక్తపరీక్ష చేయించుకోవడం, నీ చేత్తో కూరలు తరుక్కోవడం మన ఇళ్ళల్లో మగపిల్లలెవరూ చేయలేదు. మీ తాతయ్యకు మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికి అందించాల్సి వచ్చేది. కానీ "నాన్న కూడా" అన్న మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నాన్న సంగతి. ఆయన షుగర్‌కు వేసుకునే మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా ఉంది. మొన్న వచ్చినప్పుడు అట్ట వెనక చదివాను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇంత కంగారు పడను. గ్లిమెపిరైడ్ అలాంటిది కాదు. మనిషి తిన్నాడా లేదా అని చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. అన్నం వస్తుందన్న లెక్క మీద వేసుకునే మాత్ర అది. అన్నం రాకపోతే రక్తంలో ఉన్న చక్కెర కాస్తా పడిపోతుంది. డాక్టరు మోతాదు మార్చకుండా ఆయన ఒక్క పూట కూడా మానడానికి వీల్లేదు. ఏం చేసినా నీ ఒంటి మీద చేసుకో, ఆయన్ని కలపకు. ఇది కోపం వచ్చే రాస్తున్నాను.

మీ పెద్దమామయ్య నీకు గుర్తుండడు, నువ్వు పాకే వయసులో పోయాడు. మండపేటలో రైస్ మిల్లులో గుమస్తా. లెక్కలో రూపాయి తేడా వస్తే అది తేలేదాకా భోజనానికి లేచేవాడు కాదు, అంత పట్టుదల. నలభై ఎనిమిదో ఏట షుగర్ అని తెలిసింది. ఆ రోజుల్లో మన వైపు గ్లైబెన్‌క్లమైడ్ అనే మాత్ర ఎక్కువగా రాసేవారు, అదీ గ్లిమెపిరైడ్ లాంటిదే. పొద్దున టిఫినుకు ముందు ఒకటి వేసుకునేవాడు. ఏడాది బుద్ధిగానే వాడాడు. ఆ తర్వాత మిల్లుకు వచ్చే వ్యాపారి ఒకాయన అన్నం మానేసి సన్నబడ్డాడని విని, తనూ మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. పొద్దున పల్చటి మజ్జిగ, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, రాత్రికి రెండు పుల్కాలు. మాత్ర మాత్రం మానలేదు. తిండీ తగ్గించి మందూ వేసుకుంటే రోగం రెండింతలు తొందరగా పోతుందన్నాడు. చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ ఇదే లెక్క వేస్తున్నారు, నువ్వూ వేశావు.

మొదట్లో బాగానే ఉంది. బెల్టుకు కొత్త చిల్లు పొడిపించుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. తర్వాత మనిషి చిరాకుపడటం మొదలైంది. పదకొండు గంటలయ్యేసరికి చేతులు వణికేవి, చెమటలు పట్టేవి, ఉప్పు డబ్బా పక్కకు జరిగినా వదిన మీద కేకలు. వదినది నోరెత్తే స్వభావం కాదు. కోపంలో ఉన్న మనిషికి ఎదురుపడకూడదని వంటింట్లోకి వెళ్ళిపోయేది. అది కోపం కాదు నానీ. మెదడుకు చక్కెర అందకపోతే ఎంత నెమ్మదస్థుడైనా అలాగే అయిపోతాడు. ఒక ఆదివారం పెరటి తలుపు గడియ వేయలేదని అరుస్తూ, వేసి ఉన్న గడియనే తీసి వేసి, మళ్ళీ తీసి వేస్తూ నిలబడ్డాడట. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది, మాట ముద్దగా వస్తోంది. ఎండదెబ్బేమో అనుకుంది వదిన. కాసేపటికి బోరింగు దగ్గర పడి ఉన్నాడు.

చుట్టుపక్కలవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. చక్కెర పడిపోయిందని వాళ్ళలో ఎవరో సరిగ్గానే పోల్చుకున్నారు. కానీ స్పృహ లేని మనిషికి నోరు తెరిచి పంచదార నీళ్ళు పోశారు. ఆ స్థితిలో మనిషి మింగలేడు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కించగానే కళ్ళయితే తెరిచాడు గాని, నిమ్ము చేసి వారాల తరబడి మంచం దిగలేదు.

అక్కడితో అయినా బాగుండేది. లేచి తిరగడం మొదలుపెట్టాక తిండి తగ్గించడమంటేనే అన్నయ్యకు హడలు పట్టుకుంది. జేబులో ఎప్పుడూ తాపేశ్వరం కాజాల పొట్లం ఉండేది. కాస్త చెమట పట్టినా, ఎండకు పట్టినా సరే, ఒకటి నోట్లో వేసుకునేవాడు. మూడు పూటలా మారు అన్నం. ఎవరైనా అడిగితే "మళ్ళీ పడిపోమంటారా?" అనేవాడు. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబుండేది కాదు. రెండేళ్ళు తిరగకుండానే చెప్పు కరిచిన పుండు బొటనవేలి మీద మానకుండా ఉండిపోయింది. మిగతాది రాయలేను.

ఏఎన్ఎమ్‌గా, అంటే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తగా, చేసినన్నాళ్ళూ షుగర్ ఉన్న ఇంట్లో అడుగుపెడితే మాత్ర ఎన్నింటికి, అన్నం ఎన్నింటికి అని ముందు ఆ రెండూ అడిగాకే మిగతా మాటలు. మీ ఇంట్లోనూ అదే అడుగుతున్నాను. ఇంట్లో గ్లూకోమీటరు పెట్టు. నాన్నకు చెమట, వణుకు, తిక్క మాటలు, కారణం లేని కోపం, ఇందులో ఏది కనిపించినా వెంటనే వేలు పొడిచి చూడు. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించు, పావుగంటకు మళ్ళీ చూడు, ఇంకా తక్కువుంటే మళ్ళీ ఇవ్వు, తేరుకున్నాక అన్నం పెట్టు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యి. మీ అమ్మకూ ఇది నేర్పు. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది తనే.

ఇక నీ సంగతి. ఆ మూణ్ణెల్ల పరీక్షలో 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ఇంకా షుగర్ రాలేదని, గట్టు మీద ఉన్నావని అర్థం. 6.5 నుంచి షుగర్ అంటారు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వేలో దేశంలో పది కోట్ల మందికి షుగర్ ఉందని, ఇంకో పదమూడున్నర కోట్ల మంది నీలాగే గట్టు మీద ఉన్నారని లెక్క తేలింది. అంటే నీదేమీ వింత జబ్బు కాదు. ఉన్న బరువులో ఏడు శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిచేవాళ్ళలో చాలామంది షుగర్ దాకా వెళ్ళకుండా ఆగారు. నీ 84 కిలోలకు అది ఆరు కిలోలు. దానికి ఒంటిపూటలు అక్కర్లేదురా.

అన్నం మీద నీకెందుకంత పగ? గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మన డెల్టా అంతా వరి అయింది, మనం ఆ అన్నం తినే బతికాం. మా నాయనమ్మ దంపుడు బియ్యం వండి, రాత్రి మిగిలింది కుండలో తరవాణీ వేసి, పొద్దున్నే ఉల్లిపాయతో పెట్టేది. అది తిని మగవాళ్ళు చేలోకీ ఆడవాళ్ళు ఊడ్పులకూ వెళ్ళేవారు. ఇప్పుడు బియ్యం తెల్లగా పాలిష్ అయిపోయాయి, మనం కుర్చీల్లో కూర్చుంటున్నాం, కంచంలో అన్నం మాత్రం ఆనాటి అంతే ఉంది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు 2024లో కంచం లెక్క ఒకటి చెప్పారు. కూర్చుని పనిచేసే మనిషికి రోజు మొత్తానికి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు, 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో. ఆ 250లోనే ఇడ్లీ రవ్వ, అన్నం, చపాతీ అన్నీ రావాలి, అదీ వండకముందు బరువు. ఒక్కసారి కాటా మీద బియ్యం తూచి చూడు. నువ్వు ఒక్క మధ్యాహ్నమే దాదాపు అంత తింటున్నావని నా అనుమానం.

కొర్రలు మంచివే, పీచు ఎక్కువ. కానీ అవీ ధాన్యమే. అన్నం తిన్నంత రాశి పోసుకుని కొర్రన్నం తింటే నీకు ఒరిగేది తక్కువ. మీ అమ్మ అడిగిన "షుగర్ ఫ్రీ బియ్యం" అనేది లోకంలో లేదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి మన సాంబమసూరిని మెరుగుపరిచి ఆర్‌పీ బయో 226 అనే రకం తెచ్చారు. అది రక్తంలోకి కాస్త నిదానంగా ఎక్కుతుంది, అంతే. అసలు రకం బియ్యం దొరికితే తెచ్చుకో, కొలత మాత్రం కొలతే. ముందు కూర, పప్పు సగం తినేసి ఆ తర్వాత అన్నం కలుపుకో. మన పద్ధతిలో ముద్దపప్పు, వేపుడు, పులుసు, చారు, పెరుగు, ఐదింటికీ అన్నం వేసుకుంటాం, అక్కడే పెరిగిపోతోంది. పప్పులోకీ పెరుగులోకీ మాత్రమే అన్నం పెట్టుకుని, కూర ఉత్తినే తిను. చారు గ్లాసులో తాగు. రాత్రి ఎనిమిదింటికల్లా తినేయి. ఆ ఒంటిపూట తర్వాత పన్నెండింటికి ఆకలేసి ఫోన్‌లో బిర్యానీ తెప్పించుకుంటావు, నాకు తెలియదా!

తిన్నాక పావుగంట నడువు. నిద్ర పాడుచేసుకోకు. ప్రొటీన్ పౌడర్ డబ్బాలు కొనకు, కందిపప్పు, పెరుగు, గుడ్లు, చేపలు చాలు.

నిన్ను పాడుచేస్తున్నది అన్నం కంటే టీ అని నేను అనుకుంటున్నాను. ఆఫీసులో నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార. ముప్పై గ్రాములు దాటిపోయింది. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. దానికి తోడు బిస్కెట్లు, మధ్యాహ్నం జ్యూసు. ఇవన్నీ తింటున్నట్టు కూడా తెలియకుండా తినేవి, వాటిలో ఏ రుచీ లేదు, వాటిని వదిలెయ్. సున్నుండ మాత్రం వదలమనను. ఇకనుంచి చిన్న నిమ్మకాయంత చేసి పంపుతాను, ఆదివారం భోజనం చేశాక ఒక్కటి కూర్చుని తిను. ఆత్రేయపురం పూతరేకు పండక్కి తినాల్సిందే, దానికి బాధపడుతూ తింటే తిన్న ఫలం ఏముంది? డబ్బా మాత్రం టీవీ పక్కన పెట్టొద్దు.

ఊరగాయ గురించి మీ నాన్నకు నేనే చెబుతాను, నీ మాట వినడు. బీపీ ఉన్న మనిషి పెరుగన్నంలో ఆవకాయ టెంక పెట్టుకుని చప్పరిస్తాడు. రోజుకు అన్నీ కలిపి ఐదు గ్రాముల ఉప్పు దాటకూడదంటారు, ఆయనకు సగం ఆవకాయలోనే అయిపోతుంది. ముక్క చివర తుంచి పెట్టు, జాడీ మాత్రం ముందుకు తేకు. నూనె ప్యాకెట్టు మీద తెరిచిన తేదీ రాసిపెట్టు. మీ ముగ్గురికీ నెలకు మూడు లీటర్లు దాటితే ఎక్కడ పోతోందో చూడాలి.

ఇంకొకటి, ఇది నీకు తట్టి ఉండదు. మీ అమ్మ ఏం తింటోందో ఎవరైనా చూశారా? మీ ఇద్దరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, రెండున్నరకు గిన్నె అడుగున కూర లేక ఇంత అన్నంలో పచ్చడి కలుపుకుంటుంది. పారేయలేక పొద్దుటి ఉప్మా కూడా తనే తింటుంది. క్రితంసారి వచ్చినప్పుడు కళ్ళ కింద రెప్ప లాగి చూశాను, తెల్లగా ఉంది. నీకు కొర్రలు, నాన్నకు పుల్కాలు, తనకు అన్నం అని మూడు వంటలు చేయించకు, మోకాళ్ళు నొప్పులున్న మనిషి. ఒకే వంట, ముగ్గురూ ఒకేసారి కూర్చోండి, ముందు ఆమె కంచంలో కూర వెయ్యి. తోటకూర, మునగాకు వారంలో మూడు రోజులు ఉండాలి. నీ రక్తపరీక్ష చేసిన చోటే ఆమెకూ హిమోగ్లోబిన్ చేయించు. చేయించనంటుంది, వినకు.

శనివారం డాక్టరు దగ్గరకు నాన్నను తీసుకెళ్ళు. మాత్రల అట్ట, పాత చీటీలు, మీరు తినే వేళలు రాసిన కాయితం పట్టుకెళ్ళు. మార్చిన మోతాదు ఫొటో తీసి నాకు పంపు. అప్పటిదాకా మీ ఇంట్లో మూడు పూటలా పొయ్యి వెలగాలి. మునగాకు పొడి కొట్టి ఉంచాను. ఆదివారం కాకినాడ బండికి పక్కింటి అబ్బాయి వస్తున్నాడు, సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్ళి తీసుకో.

మీ పెద్దమ్మ