మియాటా కారులో ఒక హెడ్‌లైట్ పైకి లేస్తోంది, రెండోది లేవడం లేదు. ఎందుకు?

మొదటి తరం మాజ్డా మియాటాలో ఒక్కో హెడ్‌లైట్‌కి దాన్ని పైకి లేపే ఒక్కో మోటార్ ఉంటుంది, రెండింటికీ ఫ్యూజ్ మాత్రం ఒకటే. అందుకే ఒకటే మొరాయిస్తే ఫ్యూజ్‌ని అనుమానించక్కర్లేదు. రెండూ కదలకపోతేనే ఇంజిన్ పక్కనున్న పెట్టెలో 'రిట్రాక్టర్' అని రాసున్న ఆ ఫ్యూజ్ చూడండి.

ఏదేమైనా ఆ ఫ్యూజ్ పీకేశాకే లోపల చెయ్యి పెట్టండి. మోటార్ ఉన్నట్టుండి తిరిగితే వేళ్లు నలిగిపోతాయి. మోటార్ మీది రబ్బరు టోపీ తీస్తే చిన్న నాబ్ కనిపిస్తుంది. దాన్ని తిప్పుతూ పోతే లైటు మెల్లగా లేస్తుంది. చాలా చుట్లు తిప్పాలి, ఓపిక పట్టండి. తేలిగ్గా లేస్తే లోపం చాలావరకు కరెంటు వైపే. కనెక్టర్ పిన్నులకు పచ్చటి చిలుము పట్టిందేమో చూసి శుభ్రం చేయండి. బిగుసుకుపోయి ఉంటే కీళ్ల దగ్గర గ్రీజు పెట్టండి. ఫ్యూజ్ తిరిగి పెట్టాక, కరెంటు అందుతున్నా కదలకపోతేనే మోటార్ మార్చండి.